క్రిస్మసు పండుగ - పిల్లల విశ్వాసము

క్రిస్మసు పిల్లల పండుగయని పెద్దలు తరచుగా చెప్పుచుందురు. ఆ మాట వినుటకు ముద్దుగా నున్నను అందులో తప్పించుకొను నేర్పు కొంత గలదు. పిల్లల పండుగయన్నచో క్రొత్త బట్టలు కుట్టించి, అరిసెలు వండించి, రంగు కాగితములతో నక్షత్రమును గట్టించి యిచ్చినంతనే పెద్దల బాధ్యత తీరిపోవును. కథను నమ్మవలసిన పని పిల్లలకు విడిచి, ఖర్చు పెట్టవలసిన పనిని మాత్రము పెద్దలు తలకెత్తుకొందురు. మన సంక్రాంతికిని దీపావళికిని ఇదే గతి పట్టినది గావున మేము క్రైస్తవ సోదరులను వేలెత్తి చూపుట లేదు. అయినను డిసెంబరు మాసమున వారి యిండ్లలో జరుగుచుండు ఒక సంగతిని మా పాఠకుల యెదుట పెట్టవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము. నమ్మవలసిన పనిని పిల్లలకు విడిచినప్పుడు పిల్లలు నిజముగనే నమ్ముదురు. చిక్కంతయు అక్కడనే వచ్చుచున్నది.

ఆ కథ మా పాఠకులలో అనేకులకు స్థూలముగ తెలిసినదే. జనసంఖ్యలో పేరు వ్రాయించుకొనుటకు బేత్లెహేమను చిన్న ఊరికి వచ్చిన యోసేపునకును, నిండు చూలాలైన మరియకును సత్రములో చోటు దొరకలేదు. బిడ్డ పుట్టగా పొత్తిగుడ్డలలో చుట్టి పశువుల తొట్టిలో పరుండబెట్టిరి. లూకా వ్రాసిన సువార్తను బట్టి ఈ వార్త మొదట తెలిసినది రాత్రివేళ పొలములో మందలు కాచుకొనుచుండిన గొల్లలకు. వారు విన్నవెంటనే లేచి పోయిరి. మత్తయి వ్రాసినదానిలో ఇంకొక వృత్తాంతమున్నది. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి యెరూషలేమునకు వచ్చి, పుట్టిన రాజెక్కడనని అడిగిరి. హేరోదు రాజు శాస్త్రులను పిలిపించెను. వారు ప్రవచనమును చూపి, బేత్లెహేములోనని తడుముకొనకుండ చెప్పిరి. చెప్పినవారు బయలుదేరినట్లు మాత్రము ఆ గ్రంథమున లేదు. యెరూషలేము నుండి బేత్లెహేము ఆరేడు మైళ్లకు మించి లేదు. పరదేశులు దూరదేశము నుండి నడిచి వచ్చిరి. ఊరి పేరు నోటికి వచ్చిన పండితులు రెండు మూడు గంటల నడకకు కాలు కదపలేదు. సంస్కృతమో ఇంగ్లీషో నాలుగు ముక్కలు చదువుకొన్న మావంటివారికి ఆ శాస్త్రులను తలచినప్పుడెల్ల దగ్గర చుట్టమును చూచినట్లుండును.

పిల్లవాడు ఈ విషయమున గొల్లల పక్షము. విన్నదానికిని చేయుదానికిని నడుమ అతనికి దూరము తెలియదు. పెద్దలకు ఆ నడుమ చాల మజిలీలు గలవు: లోకమేమనును, ఖర్చెంత, ఇప్పుడే యేల, మనమొక్కరమే యేల. ఈ మజిలీలలో ఎక్కడనో ఒకచోట విశ్వాసము బస చేసి మరి కదలదు. పిల్లలందరును భక్తులని మేము చెప్పబోవుట లేదు. నాటకములో గొల్లవాని వేషము నాకు గావలెనని జుట్టుపట్టుకొనువారును, ప్రార్థన ముగియకముందే మిఠాయి పొట్లమును గూర్చి అడుగువారును పిల్లలే. మిఠాయి మీది ఆశయు కథ మీది నమ్మకమును ఒకే గుండెలో ఒకదానికొకటి అడ్డులేకుండ ఉండగలవని తెలియనివారు పిల్లలను ఎరుగనివారే.

మన ధర్మశాస్త్రములలో దీనికి సరిపోవు కథ యొకటి గలదు. మనుస్మృతి రెండవ అధ్యాయమున ఆంగిరసుడను బాలుడు తనకు తండ్రుల వరుసవారికి చదువు చెప్పుచు వారిని బిడ్డలారా యని పిలిచెనట. వారికి కోపము వచ్చి దేవతలను అడిగిరి. దేవతలు కూడి విచారించి, పిల్లవాడు న్యాయముగనే పలికెనని తేల్చిరి. తెలియనివాడే బాలుడనియు, తెలియజెప్పినవాడే తండ్రియనియు వారి తీర్పు. మనుస్మృతిలో మేము అంగీకరింపజాలని మాటలు చాల గలవు. ఆ మాటల బరువును తరతరములుగ మోసినవారి బిడ్డలను గూర్చియే నేడు వ్రాయుచున్నాము. ఆ గ్రంథములోని యీ యొక్క కథ వారికి పనికివచ్చుట చూచినచో మనువునకే ఆశ్చర్యము కలుగును. ప్రహ్లాదుని కథను మేమిక్కడ ఎత్తుకొనము. హరికథలో ప్రహ్లాదుని పలుకులకు కన్నీరు కార్చి యింటికి వచ్చిన తండ్రి, తన కొడుకు ఒక్క మాట ఎదురాడినచో బెత్తము తీయుట అందరమును చూచుచున్నదే.

తెలుగుదేశపు క్రైస్తవ గృహములలో ఆంగిరసుని వృత్తాంతము నిత్యానుభవముగ నుండిన కాలమొకటి గలదు. 1876 మొదలు 1878 వరకు సాగిన గొప్ప కరవులో ఒంగోలు అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపెను. కూటికొరకు మతములో చేరిరన్న మాట రాగూడదని కరవు రోజులలో ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. అక్షరమును తాకనీయబడని వంశములవారు. అట్టివారి యింట మొదట పుస్తకము పట్టినవాడు తాతయు గాదు, తండ్రియు గాదు. మిషను బడికి పోయివచ్చిన పిల్లవాడు.

పగలంతయు పరుల పొలములో అరక దున్ని వచ్చిన తండ్రికి రాత్రి కిరసనాయిలు బుడ్డి వెలుతురులో కొడుకు సువార్త చదివి వినిపించెడివాడు. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌధరి మొదలగువారు కర్ణాటక రాగతాళములకు చేర్చి వ్రాసిన కీర్తనలు బడిపిల్లల నోట పల్లెలకు వచ్చి, తల్లుల తిరుగలి పాటలలో కలిసిపోయినవి. బోర్డింగు బడులలో చదువుకొను పిల్లలు క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చిరనగా ఆ పల్లెకు గురువులే వచ్చినట్లు. తండ్రి శిష్యుడై, తల్లి శిష్యురాలై కూర్చుండిన ఆ గుడిసెలలో దేవతలను పిలిచి తగవు తీర్పింపవలసిన పని కలుగలేదు. దానికి ఆ తలిదండ్రుల ఔదార్యమునే మెచ్చుకొనవలెను. మన అగ్రహారములలో ఎవరైనను పదియేండ్ల కొడుకు ముందు అట్లు కూర్చుండియుందురా?

మెదకునందు పాస్నెట్ దొర కరవుకాలమున జనులకు పని గల్పించి కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న, అనగా క్రిస్మసునాడే, ప్రతిష్ఠింపబడినది. దాని రంగుటద్దముల కిటికీలలో క్రీస్తు జననము ఒకటి. పండుగకు దూరగ్రామముల నుండి అక్కడికి వచ్చు జనులలో ఆ బొమ్మలోని వారెవరో వేలు చూపి ముసలివారికి చెప్పునది ఎక్కువగ మనుమలు, మనుమరాండ్రే. దోర్నకల్లులోని మహాదేవాలయమునకు ఆ నక్షత్రపు కథయే పేరుగ నున్నది. తూర్పుదేశపు జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ దినమైన జనవరి 6వ తేదీన 1939లో దానిని ప్రతిష్ఠించిరి. కట్టించినవారు బిషప్ అజరయ్య. ఆయన తమిళుడు, భారతదేశమున ఆంగ్లికను సంఘమునకు మొదటి స్వదేశీ బిషప్పు. తెలుగు పరభాషగ నేర్చుకొని పల్లెపల్లెకు తిరిగిన మనిషి. హిందూ, మహమ్మదీయ శిల్పరీతులను ఆ కట్టడములో చేర్చి, క్రీస్తును నమ్మినవాడు పరదేశి కానక్కరలేదని రాతిలో చెప్పినాడు.

1936, 1937 సంవత్సరములలో దళితుల సామూహిక మతాంతరమును గూర్చి మహాత్మునకును అజరయ్యకును బహిరంగముగ భేదాభిప్రాయము గలిగెను. అన్నము, వైద్యము, చదువు చూపి బీదవాని మతమును మార్చరాదని మహాత్ముడనెను. దళితునకు కూడ ఆత్మయు, దానికొక ఆకలియు గలవని, తన దారిని తాను ఎన్నుకొను హక్కు గలదని అజరయ్య పక్షము. జాతీయవాదులలో పెక్కురు మహాత్మునివైపు నిలిచిరి. మా అభిమానమును చాలవరకు అటే. అయినను ఒక్క సంగతి ఆ వాదములో లెక్కకు రాలేదని మాకు తోచుచున్నది. వాదమంతయు పెద్దలను గూర్చి: వారెందుకు చేరిరి, ఏమి ఆశించిరి యని. ఆ యింట పుట్టిన బిడ్డ బేరమాడి చేరినవాడు కాడు. మాతృభాష వచ్చినట్లు అతనికి ఆ విశ్వాసము వచ్చినది. దానిని పరాయిదనుట అతని పాలు పరాయివనుటయే. 1895లో వినుకొండలో క్రైస్తవుల యింట పుట్టిన ఒక పిల్లవాడు కులము పేర అవమానములు త్రాగి పెరిగి, గుఱ్ఱం జాషువ యను పేర తెలుగు పద్యమునకు వన్నె తెచ్చెను. శిశువును గూర్చి ఆయన వ్రాసిన ఖండికను నోటికి రానివారు మన పాఠకులలో తక్కువ. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది.

చరిత్ర యింతటితో చాలును. కొన్ని సంవత్సరముల క్రిందట కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున జరిగిన చిన్న సంగతిని చెప్పెదము. ఆ ఊరును గుర్తించు పాఠకులు కొందరుండవచ్చును. వారు ఊరకుందురు గాక.

డిసెంబరు రాత్రులలో వెదురు బద్దలకు రంగు కాగితము అంటించిన నక్షత్రమును ఎత్తైన కఱ్ఱకు గట్టి, లోపల దీపము పెట్టి, పిల్లలును పెద్దలును ఇల్లిల్లు తిరిగి పాడుట తెలుగు క్రైస్తవుల ఆచారము. ఆ గ్రామమున ఆ ఊరేగింపు పల్లెలోనే తిరిగి పల్లెలోనే ముగియుచుండెను. పల్లెకును ఊరికిని నడుమ ఒక మురుగుకాలువయు, దానిమీద చిన్న వంతెనయు గలవు. నక్షత్రము ఆ వంతెన దాటరాదని ఎవరును శాసింపలేదు. దాటవచ్చునని ఎవరికిని తోచనూలేదు. ఆ సంవత్సరము నాటకము నేర్చుకొనుచుండిన పిల్లలలో తొమ్మిదేండ్ల బాలిక దేవదూత వేషము వేయుచుండెను. ప్రజలందరికిని సంతోషకరమైన వార్త తెచ్చితినని దేవదూత చెప్పవలసిన మాట. ఆ పిల్ల ఉపదేశిని అడిగినది: "అందరికీ అంటే ఊళ్లోవాళ్లకు కూడానా అండీ?" ఆయన పాఠము చెప్పు ధోరణిలో, "అందరికీ అంటే అందరికీనమ్మా" అనెను. ఆ రాత్రి నక్షత్రము పట్టిన పిల్లల గుంపు పల్లెలోని ఆఖరు గుడిసె వద్ద వెనుకకు తిరుగలేదు. వంతెన దాటినది. వెనుక వచ్చుచుండిన పెద్దలు వంతెన మీదనే ఆగిపోయిరి. పిలిచిన అల్లరియగును, పిలువకున్న ఏమగునో తెలియదు.

పిల్లలు మొదటి పెద్దయింటి ముందు నిలిచి పాడిరి. ఆ యింటి ముసలమ్మగారు తలుపు తెరచి వచ్చినది.

"ఎవరి పిల్లలే మీరు?"

"పల్లెలో పిల్లలమండీ. ఏసుప్రభువు పుట్టాడండీ. మీకు చెబుదామని వచ్చామండీ."

"ఇంత మంచులో ఈ మాట చెప్పడానికే వచ్చారా?"

"అవునండీ."

ముసలమ్మగారు కొంతసేపు ఆ నక్షత్రమును చూచినది. పిమ్మట అరుగు చూపి కూర్చోండని చెప్పి లోపలికి పోయినది. పిల్లలు కూర్చుండిరి. ఆ అరుగుమీద తమ తండ్రులు గాని తాతలు గాని ఎన్నడును కూర్చుండలేదని వారికి తెలియదు. వంతెన మీది వారికి తెలియును. ఆమె పళ్లెము నిండ పాలకాయలు తెచ్చి తన చేతితో పంచినది. ఆమె కుమారుడు, ఆ ఊరిలో భూవసతి గల పెద్దరైతు, లోపలి నుండి వచ్చి ద్వారబంధమును పట్టుకొని నిలిచి, ఏమియు అనకుండ మరల లోపలికి పోయెను.

ఆ వీధిలో అన్ని తలుపులును తెరువబడెనని వ్రాయుటకు మాకును కోరికయే గాని అట్లు జరుగలేదు. రెండిండ్లలో దీపము లార్పిరి. ఒకరు కుక్కను విడిచిరి. తరువాతి సంవత్సరము మాత్రము పెద్దలు వంతెన మీద నిలువక పిల్లల వెనుక నడిచిరి. ముసలమ్మగారు ముందునాడే కబురంపి, పిల్లలు ఎన్ని గంటలకు వత్తురో తెలిసికొనెనట. తాతల నాటి నుండి తమ కాళ్లకున్న సంకెల తొమ్మిదేండ్ల పిల్ల చూచువరకు మాకు కనబడలేదని ఆ పల్లె పెద్దయొకడు మాతో చెప్పెను. ఊరి పెద్దలెవరును అట్టి మాట చెప్పలేదు. చెప్పవలసినవారు వారేయని మా యభిప్రాయము.

ఇంతకంటె కష్టమైన చిక్కు మరియొకటి గలదు. అది వంతెన దాటినంత సులభముగ దాటదగినది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల రక్షణలు హిందువులకు మాత్రమే యుండెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపబడినవి. క్రైస్తవులకు విస్తరింపబడలేదు. క్రైస్తవ మతములో అస్పృశ్యత లేదు గావున రక్షణ అక్కరలేదని వాదము. గ్రంథములో లేదు, నిజమే. బాప్తిస్మముతో గుడిసె పల్లె నుండి ఊరిలోనికి వచ్చెనా? కొన్ని సంఘములలో మాల, మాదిగ భేదము ఆరాధన బల్ల వరకు వచ్చి కూర్చుండెనని క్రైస్తవ పెద్దలే విచారించుచుందురు. ఆంధ్రప్రదేశమున మతము మారిన దళితులను వెనుకబడిన తరగతులలో సి వర్గముగ చేర్చి 1 శాతము కేటాయించిరి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఈ ప్రశ్నపై విచారణ సంఘమును నియమించెను. ఈ నడుమ ఎందరో తండ్రులు కాగితముపై ఒక మతమును, ఇంటిలో ఒక మతమును ఉంచుకొని బ్రదుకుచున్నారు. వారిని కపటులని పిలుచుట తిండికి లోటులేని మాకు తగదు. కొడుకునకు వసతిగృహములో చోటు, కూతురునకు ఉపకారవేతనము ఆ యొక్క మాటపై ఆధారపడియున్నప్పుడు తండ్రి ఏమి వ్రాయును?

కాని పిల్లలకు రెండు నాలుకలు లేవు. బడిలో క్రొత్త పంతులుగారు మతమేమని అడిగినప్పుడు ఒక కూలివాని కొడుకు, "క్రైస్తవులమండీ" యని లేచి నిలిచి చెప్పెను. రిజిస్టరులో వేరుగ నున్నది. కబురు తండ్రికి చేరినది. ఆయనయే ఈ సంగతిని మాకు చెప్పినాడు. ఊరు, పేరు చెప్పము. ఆ సాయంకాలము కొడుకును కూర్చుండబెట్టి, కొట్టక, తిట్టక, ఫారమన ఏమో, దానివలన ఏమేమి వచ్చునో, రాకున్న ఏమగునో ఓపికగ బోధించెనట. పిల్లవాడంతయు విని, "నక్షత్రం మన ఇంటిమీద ఉండగా లేదని ఎట్లా చెప్పేది నాన్నా?" అని అడిగెను.

తండ్రి ఆలోచించి, దానికేమి, ఈ యేడు మన యింటికి నక్షత్రము వలదనెను. పిల్లవాడు ఏడువలేదు, మారు పలుకలేదు. ఎక్కడనో వెదురు బద్దలు సంపాదించి, పాత వార్తాపత్రికలు అంటించి, తానే నక్షత్రము చేసికొని, దీపము పెట్టకుండ ఇంటి మూలన ఉంచుకొనెను. తల్లి దానిని తొలగింపలేదు. రోజును ఇల్లు ఊడ్చునప్పుడు ప్రక్కకు జరిపి మరల అక్కడనే పెట్టుచుండెను. ఇరుగుపొరుగు గుడిసెలపై నక్షత్రములు వెలిగినవి. తమ యిల్లు మాత్రము చీకటిగ నుండుట తనకు ప్రతిరాత్రియు కనబడుచుండెనని ఆ తండ్రి మాతో చెప్పినప్పుడు తల వంచుకొనెను. చలిలో పొలము నుండి వచ్చి, కాళ్లు కడిగికొని, ఆ మూలకు చూడకుండ అన్నము తినుట తనకు పెద్ద పనియైనదట.

డిసెంబరు 24వ తేదీ రాత్రి ఆయన నిచ్చెన వేసి ఆ నక్షత్రమును తన చేతితోనే చూరునకు గట్టెను. పిల్లవాడు క్రింద దీపము పట్టుకొని నిలిచెను. మరుసటి సంవత్సరము ఫారములో ఏమి వ్రాసెనో మేమడుగలేదు.